పాత మోటారు సైకిలు చట్రమునకు రంగు ఎన్నిక

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా కన్పట్టును. పాత మోటారు సైకిలును బాగుచేయించునపుడు దాని చట్రమునకు ఏ రంగు వేయింపవలయును? "ఇందులో ఆలోచింపవలసినదేమున్నది? నల్లరంగు వేయించిన చాలును గదా" అని మీలో అనేకులు తలంపవచ్చును. నల్లరంగే వేయింతము, నేను కాదనను. కాని నలుపులో ఎన్ని జాతులున్నవో, ఆ నలుపు క్రింద ఏమి దాగియుండునో తెలిసికొనక రంగు వేయించినచో బండి తన జాతకమునే పోగొట్టుకొనవచ్చును; ఎక్కినవాని ప్రాణమునకే ముప్పు రావచ్చును. అందుచేత ఈ సంగతిని కొంచెము విపులముగా మనవి చేయుదును.

మన ప్రాంతమున పాత మోటారు సైకిలు అనగానే బుల్లెట్టు జ్ఞప్తికి వచ్చును. రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ మొదట ఇంగ్లండు దేశమున రెడ్డిచ్ అను పట్టణమునందుండెడిది. వారు 1901లో తమ మొదటి మోటారు సైకిలును చేసిరి. 1932లో బుల్లెట్టు అను పేరును వాడుకలోనికి తెచ్చిరి. 1955లో మద్రాసు మోటార్సువారు రెడ్డిచ్ వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీని స్థాపించిరి. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో కర్మాగారము లేచెను. తొలుత భాగములను ఇంగ్లండునుండి తెప్పించి ఇచ్చట కూర్చెడివారు. పిమ్మట క్రమక్రమముగా ఇచ్చటనే చేయనారంభించిరి. ఆ కాలపు బండ్లు నేటికిని మన పల్లెలలో ధాన్యపుకొట్ల మూలలను, పశువులపాకల చూరు క్రిందను నిలిచియుండుట కలదు. మనుమడు దానిని చూచి ముచ్చటపడి, "తాతా, పట్నమునకు పంపి తళతళలాడునట్లు చేయింతును" అనును. అప్పుడు అవునుగాని కాదుగాని చెప్పవలసినవారు మీరే.

మొదట చట్రమనగా ఏమో చూతము. ఆ కాలపు బుల్లెట్టు చట్రము ఒకే ముక్కగా పోతపోసినది కాదు. ఉక్కు గొట్టముల కొనలను ఇనుప కీళ్లలో దూర్చి, ఆ సందులలో ఇత్తడిని కరగించి అతికినది. మనిషి బరువు, గోతుల కుదుపు, బ్రేకు పట్టినప్పటి ఒత్తిడి అన్నియు ఈ కీళ్లమీదనే పడును. ముందు ఫోర్కు తిరుగు మెడ వద్దను, సైడుకారు తగిలించిన చోట్లను ఈ బాధ మరింత అధికము. కావున బీటలు పుట్టుటకు ముఖ్యస్థానములు ఇవియే. తలవెంట్రుకవంటి సన్నని బీట పైన దట్టముగా రంగు పూసినచో అది కనబడదు. కాని పెరుగుట మానదు. గోడలో నెరియను సున్నముతో కప్పినంతమాత్రమున గోడ బలపడునా?

అందుచేత రంగు ఎన్నుకొనుటకు ముందు చట్రమును చదువవలయును. మొట్టమొదట చేయవలసినది సంఖ్యను భద్రపరచుట. ఈ బండ్లకు సామాన్యముగా మెడభాగమున చట్రపు సంఖ్య పోటు వేసియుండును. పలుచని కాగితమును దానిపై నుంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు దిగును. ఆ అచ్చును బండి పుస్తకముతో సరిచూచి, ఆ పుస్తకముతోనే దాచియుంచవలయును. ఇది వట్టి జాగ్రత్త మాత్రమే కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములకు 2021లో చేర్పు జరిగినది. దాని ప్రకారము మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా ప్రత్యేకముగా నమోదు చేయించుకొనవచ్చును. అయితే చట్రమునందుగాని ఇంజనునందుగాని పెద్ద మార్పులు చేయక మూలరూపమున నిలిపియుండవలయును. సంఖ్య అరిగిపోయినను, రంగులో పూడిపోయినను, బండి ఎవరిదో, ఏనాటిదో చెప్పగల సాక్షి మూగవాడైనట్లే.

తరువాత బీటల పరీక్ష. దీనికి పెద్ద యంత్రములతో పనిలేదు. పాతరంగు తీసి శుభ్రపరచిన కీలుపై కిరోసిను పూసి కొంతసేపు ఉంచి, పొడిగుడ్డతో బాగుగా తుడిచి, సుద్దపొడి చల్లవలయును. బీట ఉన్నచో దానిలో దిగిన కిరోసిను మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్దపై తడిగీత యేర్పడును. గీత కనబడిన చట్రమును నేర్పరియైన పనివానికి చూపింపవలయునే గాని, లప్పముతో పూడ్చి పైన రంగు వేయింపరాదు. కీళ్లమీద లప్పము పెట్టవలదని మీ పనివానితో గట్టిగా చెప్పుడు.

ఇక పాతరంగును తీయుట. కళాయి పెట్టువాడు ముందు పాత్రను తోమి, కాచి, శుభ్రపరచనిదే తగరము పట్టదని మనకందరకు తెలియును. రంగు సంగతియు అంతే. తుప్పుమీద వేసిన రంగు తుప్పుతోనే ఊడిపోవును. అయితే ఇందు మూడు అపాయములు కలవు. పాతకాలపు రంగులలో సీసము కలిసియుండెడిది. తుప్పు పట్టకుండ వేయు ఎర్రని అస్తరు సీసపు సిందూరమే. మనదేశమున ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2017 నవంబరు నుండి నియమము అమలులోనికి వచ్చినది. కాని అరువది యేండ్లనాటి పొరలకు ఆ నియమమేమి తెలియును? కావున పాతరంగును పొడిగా గీకరాదు. ఉప్పుకాగితమును నీటితో తడిపి రుద్దవలయును. రాలిన పొట్టును పిల్లలకును పశువులకును అందనిచోట మూటగట్టవలయును. పశువు దేనినైన నాకు స్వభావము గలది. సీసపు రంగు నాకిన పశువులు చచ్చుట కలదు. రెండవది ఇసుకపోటు. వట్టి ఇసుకను గాలియొత్తిడితో చట్రముపై కొట్టినపుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతముగా చెరుచును. దానికి బదులు అల్యూమినా పొడిగాని గాజుపూసలుగాని వాడు కర్మశాలకు పంపుట మేలు. అచ్చటను సంఖ్యగల చోటును గట్టిగా కప్పియుంచవలయును. మూడవది ఆమ్లపు తొట్టి. చట్రమును ఆమ్లములో ముంచినచో గొట్టముల లోపలికి పోయిన ఆమ్లము పూర్తిగా కడుగబడదు. అది నెలల తరువాత సందులనుండి కారి క్రొత్తరంగును లేపివేయును.

ఇట్లు శుభ్రపడిన ఉక్కును ఆరుబయట ఉంచరాదు. మన కోస్తా గాలిలో కొన్ని గంటలలోనే దానిపై ఎర్రని పొర పుట్టును. ఆ దినముననే అస్తరు పడవలయును. జింకు ఫాస్ఫేటు గల ప్రైమరుగాని ఎపాక్సీ ప్రైమరుగాని ఇందుకు తగినవి. అస్తరు పలుచగా, సమముగా నుండవలయును.

ఇప్పుడు పైరంగుల జాతులను చెప్పుదును. ఆ కాలపు కర్మాగారములలో చట్రములకు వాడినది ఎక్కువగా వేడిలో కాల్చిన నల్ల ఎనామిలు. కుమ్మరి ఆవములో కుండ గట్టిపడినట్లు, ఆ రంగు వేడిగదిలో గట్టిపడెడిది. తారువంటి నల్లని అస్ఫాల్టును అవిసెనూనెతో కలిపి చేసిన జపాను నలుపు ఈ జాతికి పూర్వీకురాలు. రెండవది సెల్యులోసు రంగు. ఇది అమెరికాలో 1920 ప్రాంతముల వెలసి, డూకో అను పేరుతో ప్రసిద్ధికెక్కెను; మన పనివారు నేటికిని చిమ్ము రంగునకు ఆ పేరే వాడుదురు. త్వరగా ఆరుట దీని గుణము. పెట్రోలు పడిన మెత్తబడుట దీని దోషము. మూడవది గాలికి ఆరు సింథటిక్ ఎనామిలు. ధర తక్కువ, దొరకని ఊరు లేదు, కాని పూర్తిగా గట్టిపడుటకు దినములు పట్టును. నాలుగవది రెండు డబ్బాల రంగు. రంగును, గట్టిపరచు ద్రవమును కలిపి చిమ్ముదురు. పెట్రోలునకు జంకదు, మెరుపు మిక్కుటము. అయితే ఆ గట్టిపరచు ద్రవములోని ఐసోసయనేటు పీల్చినవానికి ఉబ్బసము పట్టవచ్చును. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నంతమాత్రమున అది ఆగదు. బయటిగాలి నందించు ముసుగు కావలయును. కావున దీనిని ఇంటివద్ద వేయింపరాదు.

అయిదవది పౌడరు కోటింగు. నేడు పట్నమున ఎక్కువమంది చెప్పునది ఇదియే. రంగుపొడిని విద్యుచ్ఛక్తి బలమున చట్రమున కంటించి, 180 మొదలు 200 డిగ్రీల వేడిలో కరగించుదురు. ఇత్తడి అతుకులు కరగుటకు సుమారు 900 డిగ్రీలు కావలయును గనుక చట్రమునకు ఆ వేడివలన భయము లేదు. కాని సీసపు మాటు వేసిన పెట్రోలు ట్యాంకును అదే గదిలో పెట్టినచో మాటు మెత్తబడి జారును. పౌడరు పొర గట్టిది, అందమైనది, చౌకయు. ఇన్ని గుణములున్నను పాత చట్రమునకు దానిని నేను ముందుగా సిఫారసు చేయను. కారణములు చెప్పుదును.

ఏ రంగునైనను మూడు ప్రశ్నలడిగి ఎన్నుకొనవలయును. ముందు ముందు పుట్టు బీటను ఇది కనబడనిచ్చునా? దెబ్బతిన్నచోట ఊరిలోనే బాగుచేయ వీలగునా? ఒకచోట పెచ్చు లేచిన, తుప్పు లోలోపల ప్రాకకుండునా? పలుచని ఎనామిలు పొర క్రింద బీట పుట్టినచో రంగు కూడ చిట్లి, తుప్పుగీత పైకి కనబడును. దట్టమైన పౌడరు పొర సాగి దానిని కప్పివేయగలదు. ఎనామిలు గీరుకొనిపోయినచో ఉప్పుకాగితము, చిన్న డబ్బా, కుంచె చాలును. పౌడరును అట్లు అతుకుటకు వీలులేదు. దానిలో పెచ్చు లేచినచోట తేమ దూరి, పైన నిగనిగలాడుచుండగనే క్రింద తుప్పు ప్రాకి, ఒకనాడు రేకువలె ఊడివచ్చును. మరియు ఆ దట్టమైన పొర పోటువేసిన సంఖ్యను పూడ్చును, మరల బిగించు రంధ్రములను ఇరుకుచేయును. క్రొత్త చట్రమునకు ఇవి దోషములు కావు. పాతదానికి దోషములే.

అందుచేత నా సలహా యిది. పలుచని అస్తరు, దానిపై వేడిలో కాల్చిన నల్ల ఎనామిలు దొరికినచో అదియే ఉత్తమము. అది దొరకనిచో మంచి కర్మశాలలో వేయించిన రెండు డబ్బాల నలుపు. అంత ఖర్చు పెట్టలేనివారికి సింథటిక్ ఎనామిలును తక్కువ కాదు; ఓపికతో పలుచని పొరలుగా వేసి, బాగుగా ఆరనిచ్చిన తరువాతనే బండిని కూర్చవలయును. ఏది వేయించినను బేరింగులు కూర్చుండు చోట్లను, మరలగాళ్లను కప్పించుడు. విద్యుత్తు తీగ చట్రమునకు తగులు ఎర్తుచోట లోహమును తేటగా నుంచుడు. లేనిచో దీపము వెలుగక రంగువానిని తిట్టుకొనవలసివచ్చును.

రంగు నలుపే కావలయునన్న నియమము లేదు. ఇంగ్లండులో 1937లో వెలువడిన ట్రయంఫు స్పీడు ట్విన్ బండికి చట్రము సహా ముదురెరుపు వేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యము కొన్న బి.ఎస్.ఎ. ఎమ్ 20 బండ్లు లక్షకు పైబడినవి. వాటికి మొదట ఖాకీ ఆకుపచ్చ, పిమ్మట గోధుమ, 1944 నుండి ఆలివు ఛాయ ఉండెడివి. సైన్యమునుండి వేలములో వచ్చిన బండ్లకు కొన్నవారు పైన నలుపు పూయుట కలదు. కావున అసలు రంగేదో బండినే అడుగవలయును. సీటు అడుగున, పనిముట్ల పెట్టె వెనుక, ఎండ సోకని మూలలలో తడి ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దినచో, కోసిన మ్రానులోని వలయములవలె ఒకదాని వెనుక నొకటిగా పొరలు కనబడును. ఉక్కునకు దగ్గరగా, అస్తరుమీద నున్నదే పుట్టురంగు. దానిని కప్పుటకు ముందు ఫోటో తీయించి, రంగుల అంగడిలో ఛాయ పుస్తకముతో సరిచూచి, ఆ సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు.

చివరకు ఒక్కమాట. పాతరంగు వెలసినదైనను అచ్చటచ్చట తప్ప ఉక్కును విడువక పట్టుకొనియున్నచో దానిని తీయింపకుడు. తుప్పున్నచోట మాత్రము శుభ్రపరచి, అతుకు వేసి, గొట్టములలోనికి పలుచని నూనె పోయించి, మైనము రాచి ఉంచుడు. క్రొత్తరంగును ఎప్పుడైనను వేయించుకొనవచ్చును. తీసివేసిన పుట్టురంగును మరల తేజాలము. మనుమడు బండిని పట్నమునకు పంపునపుడు మీరు అడుగవలసినవి మూడే: సంఖ్య అచ్చు తీసితివా, కీళ్లకు సుద్దపరీక్ష చేయించితివా, ఈ రంగు చెడినచో మన ఊరిలో బాగుచేయ వీలగునా? ఈ మూడింటికి అవునను సమాధానము వచ్చినపుడు, ఆ నలుపు ఎట్టి నలుపైనను మీ బండికి శోభనే కూర్చును. సెలవు.