ఓర్పు అనగా ఊరకుండుట కాదు

మతమును గూర్చి మాటలాడునపుడు మనము సాధారణముగా దేవాలయమును, పండుగను, గ్రంథమును తలచుకొందుము. కాని ఒక కుటుంబము నమ్మిన నమ్మకమెంతటిదో తెలియవలెనన్నచో ఆ ఇంటి పొయ్యి వద్దను, రోగి మంచము వద్దను, కూలి దొరకని నాటి సాయంకాలమునను చూడవలెను. కష్టము రాని ఇల్లు లేదు. ఆ కష్టమును ఎట్లు అర్థము చేసికొనవలెను, దానితో ఎట్లు కాపురము చేయవలెను అను ప్రశ్నకు ప్రతి మతమును తనదైన సమాధానమును చెప్పినది. క్రైస్తవ మతము చెప్పిన సమాధానమేమో, దానిని మన తెలుగు నేలపై సామాన్య కుటుంబములు ఎట్లు ఆచరణలో పెట్టినవో ఇక్కడ కొంత వివరింప దలచితిమి. ఇందులకై ఒంగోలు ప్రాంతపు చరిత్రనుండి 1866 మొదలు 1878 వరకు గల పండ్రెండేండ్ల కాలమును ఎన్నుకొంటిమి.

ముందుగా బోధను గూర్చి రెండు మాటలు. కష్టము పాపమునకు శిక్షయను తలంపు లోకమందంతటను కలదు. బైబిలులోని యోబు గ్రంథము ఈ తలంపునే ప్రశ్నించుచున్నది. యోబు నీతిమంతుడు. అయినను బిడ్డలను, మందలను, ఆరోగ్యమును కోల్పోయెను. ఓదార్ప వచ్చిన స్నేహితులు, నీవేదో తప్పు చేసియుందువు, కనుకనే ఇట్లు జరిగినదని వాదించిరి. కథ ముగియు నప్పటికి తప్పు ఆ స్నేహితులదే యని తేలుచున్నది. క్రొత్త నిబంధనలో ఈ ఆలోచన మరియొక మెట్టు ఎక్కినది. దేవుడు కష్టపడువానిని దూరమునుండి చూచుచుండువాడు కాడు, సిలువపై తానే కష్టము ననుభవించినవాడు అని క్రైస్తవుల విశ్వాసము. ఈ విశ్వాసము వలన కష్టములోనున్న వానికి తాను విడువబడితినను భయము తీరును. తోడివాని కష్టములో పాలుపంచుకొనుట అతనికి విధి యగును. ఈ రెండు సంగతులను గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటనున్న పల్లెసీమవాడు. పుట్టుకచే మాదిగ. తోళ్ళ వర్తకము చేయుచుండెను. దైవము నెరుగవలెనను ఆర్తితో యోగమార్గమును బోధించు గురువుల నాశ్రయించినవాడు. వర్తకముపై ఉత్తరమునకు పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధను వినెను. 1866లో ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. ఆ యేడే అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో నివాసమేర్పరచుకొనెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో ఒంగోలు సంఘ మేర్పడెను. ఆ నెలలోనే పేరయ్య మాట విని చేరిన 28 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఇది ఒంటరి మనుష్యుని నిర్ణయము కాదు. భార్యాభర్తలు కలసి తీసికొన్న నిర్ణయము. దాని ఫలితమును ఇల్లంతయు అనుభవింపవలసియుండెను.

ఆ ఫలిత మెట్టిదో తెలిసికొనవలెనన్నచో ఆ సంఘస్థులు పాటింపవలసిన మూడు నియమములను చూడవలెను. విగ్రహారాధన చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. ఆదివారము పని చేయరాదు. వినుటకు ఇవి చిన్న మాటలు. కాని నాటి పల్లెలో మాదిగ కుటుంబపు జీవనమంతయు ఈ మూడింటితోనే ముడిపడియుండెను.

మాదిగలు రైతులకు చెప్పులు కుట్టుదురు, మోటకు తోలు అమర్తురు. అందులకు కళ్ళమువద్ద ధాన్యములో వంతు లభించును. ఊరి జాతరలో డప్పు వాయించుట కూడ ఆ ఒడంబడికలోని భాగమే. విగ్రహారాధన మానినవాడు జాతరకు డప్పు వాయింపడు. వాయింపని యెడల కళ్ళమువద్ద వంతునకు లోపము. ఇక చచ్చిన పశువు మాంసము. దానిని ఎండబెట్టి దాచుకొన్నచో పనిలేని నెలలలో పిల్లల ఆకలి తీరును. అది రోగములకు మూలము, అవమానమునకు గుర్తు అని తెలిసియు పేదయిల్లు దానిని వదలుకొనలేకుండెను. ఆదివారపు నియమ మింకను కఠినము. కోతల కాలమున ఆసామి రమ్మన్న నాడు రానన్నచో అతడు సహించునా? ఆ విధముగా ఒక్కొక్క నియమమును ఆ ఇంటి కుండలోని గింజలను తగ్గించినదే.

ఊరి పెద్దలు ఊరకుండలేదు. కొన్ని గ్రామములలో సాంఘిక బహిష్కారము విధించిరి. నీటికి అడ్డుపడిరి. పని నీయ నిరాకరించిరి. కొట్టుటయు, తప్పుడు నేరములు మోపుటయు జరిగెను. న్యాయము చూచినచో, ఆ పెద్దలకు ఇది మతవివాదము మాత్రమే కాదు. తరతరములుగా అడుగక జరిగిన సేవ ఆగిపోవుచున్నదను కోపమే అందులో హెచ్చు.

ఇట్టి స్థితిలో విశ్వాసము నిలిచినదన్నచో అది బోధకుని ఉపన్యాసము వలన మాత్రమే కాదు. ఉన్న గంజిని ఎవరెవరికి ఎంత పోయవలెనో నిర్ణయించినది ఇల్లాలు. చచ్చిన పశువు మాంసము ఇక ఈ ఇంట వండనని చెప్పవలసినదియు ఆమెయే. గురువు కట్టడ చేయవచ్చును. దానిని ప్రతిదినమును పాటించునది గృహిణి. నాగమ్మ వంటి స్త్రీలను చరిత్ర ఒకటి రెండు వాక్యములలో దాటిపోవుచున్నది గాని, ఆ మూడు నియమముల బరువులో అధిక భాగము మోసినది వారే యని మా అభిప్రాయము.

1876లో వానలు కురియలేదు. పెద్దలు ధాత కరువని చెప్పుకొను ఆ మహాక్షామము 1878 వరకు దక్షిణాపథమును పీడించెను. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములలోనే సుమారు 55 లక్షల మంది మరణించిరని అంచనా. అప్పుడు ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొనెను. పల్లెలలోని బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. పనికి అన్ని కులములవారును వచ్చిరి. పలుగు పట్టినవాడు త్రవ్వెను, ఆడవారు తట్టలతో మన్ను మోసిరి, సాయంకాలమునకు కూలి అందెను. పని విరామమున బోధకులు కూలివారి నడుమ కూర్చుండి, కష్టపడువారిని పిలుచు దేవుని గూర్చి చెప్పుచుండిరి. ఆ శిబిరములలో విషూచి వ్యాపించి పలువురు చనిపోయిరి. వారిని పాతిపెట్టి మరునాడు మరల పనిలోనికి దిగిరి.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న పుట్టుచున్నది. ఆకలిగొన్నవాడు మతము మారినచో అది విశ్వాసమా, అన్నము కొరకు చేసిన పనియా? ఈ ఆక్షేపణ నాడును వినవచ్చెను, నేడును వినవచ్చుచున్నది. దానిని త్రోసివేయుట న్యాయము కాదు. క్లౌ కూడ ఈ సందేహమును ఎరిగినవాడే. అందువలననే కరువు సహాయము జరుగుచున్న కాలమున సుమారు 15 నెలల పాటు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయపు సొమ్ము ఇక లేదు, మీ ఊళ్ళకు పొండని చెప్పిన పిమ్మటను జనులు వచ్చుచునే యుండిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి ఆ కార్యమును నెరవేర్చిరి. అందరి హృదయములను తూచు తక్కెడ మనవద్ద లేదు. గౌరవము కొరకు వచ్చినవారును, బంధువుల వెంట వచ్చినవారును ఉండియుందురు. కాని మునుపటి పదేండ్లలో ఆ నియమములను పాటించిన ఇండ్లకు దొరకినది అన్నము కాదు, ఆకలియే. ఈ సంగతిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఈ చరిత్రలో మాకు ముఖ్యముగా తోచిన దొకటి గలదు. ఆ కుటుంబములు కష్టమును ఓర్చుకొన్నవి. కాని కష్టమునకు తలవంచి ఊరకుండలేదు. అవమానకరమైన ఆహారమును కాదన్నవి. నిర్బంధపు సేవను కాదన్నవి. కరువు వచ్చినపుడు చేయి చాచుటకు మారుగా పలుగు పట్టినవి. తప్పించుకొనరాని దుఃఖమును భరించుట ఒకటి, తొలగింపదగిన అన్యాయమును భరించుట మరియొకటి. ఈ భేదమును మరచినచో ఓర్పు అను మంచి మాట చెడ్డ పనికి ఉపయోగపడును.

మరచుట జరుగుచునే యున్నది. త్రాగి వచ్చి భార్యను కొట్టు భర్త గల ఇంట, ఇది నీ సిలువ, మోయుమని ఆమెకు హితవు చెప్పువారు కలరు. ఇది యోబు స్నేహితుల ఓదార్పు వంటిదే. సిలువ యనునది ఇతరుల మేలు కొరకు తానై ఎత్తుకొనునది. ఒకరి క్రూరత్వమును మరియొకరి వీపుపై మోపి దానికి సిలువ యని పేరు పెట్టుట విశ్వాసము కాదు. అట్టి ఇంట సంఘపు పెద్దలు చేయవలసినది ఆ స్త్రీకి రక్షణ కల్పించుట, ఆ భర్తను నిలదీయుట.

నేటి తెలుగు క్రైస్తవ కుటుంబములలో ఈ విశ్వాసము చిన్న చిన్న ఆచారములుగా కనబడుచుండును. పలు ఇండ్లలో గృహిణి అన్నమునకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి వేరొక పాత్రలో వేయును. అది సంఘమునకో, పేదలకో చేరును. రాత్రి భోజనమునకు ముందో, తరువాతనో అందరు కూర్చుండి కుటుంబ ప్రార్థన చేయుదురు. ఇంట మరణము సంభవించినపుడు ఆదరణ కూడిక పేర ఇరుగుపొరుగులు చేరి పాడుదురు, ప్రార్థింతురు. దుఃఖితుని ఒంటరిగా విడువరాదను బోధకు ఇవి రూపములు. అయితే ఆచారము దానంతటదియే చాలదు. పిడికెడు బియ్యము తీసిన చేయి పనిమనిషికి జీతము తగ్గించినచో, ప్రార్థన చేసిన నోరు కోడలిని నొప్పించినచో ఆ ఆచారమునకు విలువ లేదు.

ఈ మాట ఒక్క మతమువారికే చెందినది కాదని శ్రోతలు గ్రహింపకపోరు. ఎవరి ఇంటి దీపము వారిదే. కాని పొరుగింట జబ్బు చేసినపుడు ఆ దీపము పట్టుకొని గడప దాటుదుమా లేదా అన్నది అందరిని అడుగవలసిన ప్రశ్న.