డెర్గ్ సరస్సు దీవిలో శిథిల చర్చిలు

ఐర్లండ్‌లోకెల్లా పొడవైన షానన్ నది దారిలో ఒకచోట విశాలంగా పరచుకొని డెర్గ్ సరస్సుగా మారుతుంది. ఆ సరస్సులో, క్లేర్ కౌంటీలోని మౌంట్‌షానన్ గ్రామానికి ఎదురుగా, సుమారు 20 హెక్టార్ల ఇనిష్ కెల్ట్రా దీవిపై ఒక గుండ్రటి రాతి గోపురం, దాని చుట్టూ కప్పులు కూలిన చిన్న చర్చిలు కనిపిస్తాయి. నేడు మారుమూలగా తోచే ఈ దీవి, మంచి రోడ్లు లేని కాలంలో నదీ రాదారికి నట్టనడుమ ఉండేది. ఇక్కడి క్రైస్తవ మఠం వర్ధిల్లినదీ, కొల్లగొట్టబడినదీ అందువల్లనే.

సంప్రదాయం ప్రకారం 6వ శతాబ్దంలో కొలమ్, 7వ శతాబ్దంలో కైమిన్ అనే సాధువులు ఇక్కడ నివసించారు. 837లోను, 922లోను వైకింగులు, అనగా ఉత్తర దేశాల నుంచి ఓడలపై వచ్చిన యోధులు, దీవిని దోచారు. అనంతరం జీర్ణోద్ధరణ జరిపించిన ఘనత ఐరిష్ రాజు బ్రియాన్ బోరుకు దక్కింది. ఆయన సోదరుడు మార్కాన్ ఇక్కడి మఠాధిపతి కావడం గమనిస్తే, ఆ ఔదార్యంలో భక్తితోపాటు రాజకీయమూ లేకపోలేదు.

ఒకే మహామందిరం కాక అనేక చిన్న చర్చిలు కట్టడం ఆనాటి ఐరిష్ మఠాల పద్ధతి. వాటిలో కైమిన్ చర్చి ముఖ్యమైనది. భక్తులు నిలిచే పాత మందిరానికి 12వ శతాబ్దంలో బలిపీఠపు గదిని చేర్చి, రెంటి మధ్య ఒకదానిలో ఒకటి ఒదిగిన రాతి కమానులను నిలిపారు. కూలిపోయిన ఆ కమానులను 19వ శతాబ్దంలో తిరిగి పేర్చారు. పక్కనున్న గోపురం గంటలు మోగించేందుకు కట్టినది. దాని ద్వారం నేలమట్టానికి చాలా ఎత్తున ఉండటంతో నిచ్చెన లేనిదే లోపలికి వెళ్లడం కుదరదు.

అయితే దీవి అసలు సంపద నేలపైనే ఉంది. శిలువ చెక్కిన సమాధి ఫలకాలపై, ఫలానా వారి కోసం ప్రార్థించండని ప్రాచీన ఐరిష్‌లో రాసి ఉంది. ఒక ఫలకమైతే పేర్లేమీ చెప్పకుండా, ఇది పదిమంది సమాధి అని మాత్రమే తెలుపుతుంది. 1970 నుంచి దాదాపు దశాబ్దంపాటు పురావస్తు శాస్త్రవేత్త లియమ్ డి పావోర్ ఇక్కడ తవ్వకాలు జరిపారు.

మఠం అంతరించాక కూడా యాత్రికులు వస్తూనే ఉండేవారు. అయితే యాత్ర వేళ జరిగే జాతరలో తాగుడూ అల్లరీ మితిమీరడంతో 1830ల్లో యాత్ర ఆగిపోయింది. 2010లో ఐర్లండ్ ఈ దీవిని, క్లాన్‌మక్‌నాయిస్, గ్లెండలాక్ తదితర మఠాలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చింది. కట్టడాల వైభవంలో వాటికి సాటిరాకపోయినా, సమాధి ఫలకాలు చాలావరకు పరిచిన చోటనే ఉండటం ఇనిష్ కెల్ట్రాకున్న విశిష్టత అని చెప్పాలి.