ప్రతి శిలయు కదల్పవలె

ఎంతటి ప్రయాసకును వెనుదీయక, ఏ యుపాయమును విడువక కార్యము సాధింపబూనుటను ఆంగ్లేయులు ‘ఏ రాతినీ తిరుగవేయక విడువకుండుట’ యందురు. క్రీ. పూ. 479లో ప్లటేయా యుద్ధమున నిహతుడైన పారశీక సేనాని మార్డోనియస్ దాచిన నిధికై వెదకి వేసారిన థీబ్సువాసి పాలిక్రటీసునకు, ప్రతి శిలను కదల్పుమని డెల్ఫీ దేవవాణి యానతిచ్చెననియు, అతడట్లే చేసి నిధిని బడసెననియు గ్రీకుల ఐతిహ్యము.

ఇట్టి పట్టుదలకు మన సంగారెడ్డి చెంతనున్న కొండాపురము ప్రత్యక్ష నిదర్శనము. 1940వ దశకారంభమున హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖవారు అచటి పాటిగడ్డను ఓర్పుతో త్రవ్వించి, శాతవాహనుల నాణెములను, పూసలను, మృణ్మయ ప్రతిమలను వెలికితీయగా, విస్మృతమైన యొక ప్రాచీన నగరము చరిత్రలో మరల స్థానము గాంచినది. నేడచటి ప్రదర్శనశాలలో వానిని దర్శించు ప్రతి విద్యార్థియు ఆ శ్రమకు ఋణపడియున్నాడు.