పాత్రను చూసి రోగి దాక్కోకూడదు



ఒంటిమీద ఒక పాలిపోయిన మచ్చ. గిల్లినా తెలియదు. నొప్పి, దురద లేవు కనుక చాలామంది పట్టించుకోరు. కొందరికి అనుమానం వస్తుంది. అయినా ఆసుపత్రికి రారు, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని దాచుకుంటారు. ఎందుకు? కుష్ఠువ్యాధి అనగానే వారికి గుర్తొచ్చేది మందు కాదు, ఎప్పుడో నాటకంలోనో సినిమాలోనో చూసిన పాత్ర.

పెద్దవారికి 'రక్తకన్నీరు' నాటకం గుర్తుండే ఉంటుంది. నటుడు నాగభూషణం గారు దానిని ఏళ్ల తరబడి ఊరూరా ప్రదర్శించారు. అందులో చెడు తిరుగుళ్లు తిరిగిన కథానాయకుడికి చివరకు కుష్ఠువ్యాధి సోకుతుంది. ఆయన నటన గొప్పదే. కాని "చేసిన తప్పుకు ఇది శిక్ష" అనే భావం చూసినవారి మనసులో ఉండిపోయింది.

అసలు నిజం ఏమిటి?

కుష్ఠువ్యాధి ఒక సూక్ష్మక్రిమి వలన వస్తుంది. ఆ క్రిమిని 1873లో హాన్సెన్ అనే నార్వే వైద్యుడు కనుగొన్నారు. ఇది నడవడికను బట్టి వచ్చేది కాదు, వంశపారంపర్యం కాదు. చాలామందికి దీనిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. 6 నెలలు గాని 12 నెలలు గాని ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. వేళ్లు వాటంతటవే రాలిపోవు. స్పర్శ తెలియక కాలిన గాయాలు, పుండ్లు ముదరడం వలన వేళ్లు కురచబడతాయి. మొదట్లోనే వస్తే ఈ అంగవైకల్యం రాకుండా చూడవచ్చు. సిగ్గుతో దాచుకున్న ప్రతి నెలా నరాలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది.

రేచీకటి సంగతి కూడా ఇంతే. హాస్య సన్నివేశాల్లో ఆ పాత్ర పొద్దుగూకగానే స్తంభాలకు గుద్దుకుంటుంది, అందరూ నవ్వుతారు. నిజానికి విటమిన్ 'ఎ' లోపం వలన వచ్చే రేచీకటిని సకాలంలో గుర్తిస్తే నయం చేయవచ్చు, అశ్రద్ధ చేస్తే పిల్లలకు పూర్తిగా చూపు పోవచ్చు. కంటి రెటీనాకు వచ్చే వంశపారంపర్య వ్యాధిలో కూడా రేచీకటి తొలి లక్షణం. నవ్వుతారన్న భయంతో పిల్లవాడు చెప్పకపోతే నష్టం ఎవరికి?

న్యాయస్థానం ఏమన్నది?

రేచీకటి వంటి లోపాలున్న పాత్రలను ఒక హిందీ హాస్యచిత్రంలో చూపిన తీరుపై సుప్రీంకోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. 2024 జూలై 8న కోర్టు తీర్పు చెప్పింది. హాస్యం ద్వారా వైకల్యాన్ని అర్థం చేయించడం వేరు, ఆ మనిషిని కించపరచడం వేరు అని విడదీసింది. వ్యాధి లక్షణాలను వీలైనంత సరిగ్గా చూపాలని, వైకల్యం ఉన్నవారిని సంప్రదించి రాయాలని సూచించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠువ్యాధి నయమైనవారు కూడా అందులో ఉన్నారు.

మీరు నాటిక రాస్తున్నారా?

పాఠశాల వార్షికోత్సవానికో, యువజనుల కార్యక్రమానికో నాటిక రాసేవారు ఈ విషయాలు గమనించండి.

1. వైకల్యాన్ని తప్పుకు శిక్షగా గాని, దుర్మార్గుడికి గుర్తుగా గాని చూపవద్దు.

2. "కుంటోడు", "గుడ్డిది", "నత్తోడు" అని పిలిపించవద్దు. ఆ పాత్రకు ఒక పేరు, ఒక పని, ఒక కోరిక ఇవ్వండి. 2018లో వచ్చిన 'రంగస్థలం' చిత్ర నాయకుడికి వినికిడి లోపం ఉంది. అయినా అతడు పని చేస్తాడు, ప్రేమిస్తాడు, కోప్పడతాడు. మనకు గుర్తుండేది ముందుగా ఆ మనిషే.

3. జాలి ఒక్కటే చూపవద్దు. అలాగని అసాధ్యాలు చేసే అద్భుత వ్యక్తిగానూ చూపవద్దు. మామూలుగా బతికే హక్కు కూడా వారికి ఉన్నది.

4. చివరి రంగంలో హఠాత్తుగా చూపు వచ్చినట్లు, లేచి నడిచినట్లు చూపవద్దు. చక్రాల కుర్చీ, కృత్రిమ పాదం, వినికిడి యంత్రం కూడా మంచి ముగింపులే. ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధా చంద్రన్ జైపూర్ పాదంతో మళ్లీ నాట్యం చేసి, తన కథ ఆధారంగా తీసిన 'మయూరి' చిత్రంలో తానే నటించారు.

5. రాసిన తరువాత అటువంటి వైకల్యం ఉన్నవారికి చదివి వినిపించండి. వారు నొచ్చుకున్న చోట మార్చండి.

మీ నాటిక చూసేవారిలో చొక్కా చేతి కింద మచ్చ దాచుకున్నవారు ఒకరు ఉండవచ్చు. మీ పాత్రను చూసి వారు ఇంకా లోపలికి ముడుచుకుపోకూడదు, మర్నాడు ఉదయం ఆసుపత్రికి బయలుదేరాలి.

స్పర్శలేని మచ్చ గాని, మసక వెలుతురులో చూపు తగ్గడం గాని గమనిస్తే ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఆసుపత్రిలో చూపించుకోండి.