తిరగని తాళపుచెవి
(లొంగని అక్రోమెగలీకి మందులు)

పెండ్లినాటి ఉంగరము వ్రేలికి బిగుతైతే ఒళ్ళు వచ్చినదనుకుంటాము. పాత చెప్పులు ఇరుకైతే చెప్పులనే తప్పు పడతాము. కాని నడివయస్సులో చేతులు, పాదములు, ముక్కు, దవడ మెల్లమెల్లగా పెరగటము ఒక వ్యాధి లక్షణము కావచ్చును. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ మారీ దీనికి అక్రోమెగలీ అని పేరు పెట్టినాడు.

మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉన్నది గదా! అది స్రవించే పెరుగుదల హార్మోను రక్తములో కలిసి కాలేయమును చేరి, అక్కడ ఐ.జి.ఎఫ్.-1 అనే మరొక పదార్థమును పుట్టిస్తుంది. ఎముకలు పెరగటము చాలావరకు ఈ రెండవదాని పనియే. గ్రంథిలో కంతి పుట్టినప్పుడు హార్మోను అదుపు తప్పుతుంది. బాల్యములోనైతే మనిషి విపరీతమైన పొడుగవుతాడు. పెద్దవారిలో ఎముకలు పొడుగు సాగలేవు కనుక లావెక్కుతాయి. కంతి సాధారణముగా క్యాన్సరు కాదు. అయినను మధుమేహము, రక్తపు పోటు, గుండెజబ్బు వస్తాయి. కంటినరములపై ఒత్తిడి పడితే చూపు తగ్గుతుంది.

మొదటి చికిత్స ముక్కుగుండా కంతిని తీసివేయటము. కాని కంతి పెద్దదై ప్రక్కనున్న రక్తనాళమును చుట్టుకొంటే పూర్తిగా తీయటము సాధ్యము కాదు. అప్పుడు మందులు కావాలి.

స్రావమును గ్రంథివద్దనే ఆపటము ఒక మార్గము. 1973లో కనుగొన్న సొమటోస్టాటిన్ అనే సహజ పదార్థము ఈ పని చేస్తుంది, కాని రక్తములో కొద్ది నిమిషములే నిలుస్తుంది. అందులోని 14 అమైనో ఆమ్లములకు బదులు 8తోనే తయారుచేసిన ఆక్ట్రియోటైడ్ గంటలకొలది నిలుస్తుంది. మెల్లగా కరిగే రూపములో దీనిని నెలకొక ఇంజక్షనుగా ఇస్తారు. వ్యాధి స్వల్పమైతే కాబర్గోలిన్ మాత్రలు కొందరికి చాలును. ఆక్ట్రియోటైడ్‌కు లొంగనివారిలో కొందరికి పాసిరియోటైడ్ పనిచేస్తుంది, కాని అది రక్తములో చక్కెరను పెంచవచ్చును.

గ్రంథి మాట వినకపోతే? హార్మోను చేరే చోటనే దానిని అడ్డుకోవచ్చును. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ కాప్చిక్ బృందము ఆవు పెరుగుదల హార్మోను జన్యువును కొద్దిగా మార్చి చుంచెలుకలలో ప్రవేశపెట్టినది. మామూలు జన్యువైతే ఎలుకలు పెద్దవి కావాలి. ఇవి పొట్టివైనవి! ఈ ఫలితము 1990లో వెలువడినది. హార్మోను పనిచేయాలంటే కణముపై ఉన్న రెండు గ్రాహకములను సరిగా జతపరచాలి. మార్చిన హార్మోను గ్రాహకమును పట్టుకొంటుంది, కాని ఆ జతను పనిచేయించలేదు. తాళములో దూరి తిరగని చెవి వంటిది అది. అసలు చెవికి చోటుండదు. ఈ సూత్రముపై తయారైన పెగ్విసోమాంట్‌కు 2003లో అమెరికాలో అనుమతి లభించినది. దీనిని చర్మము క్రింద ఇంజక్షనుగా ఇస్తారు.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ఈ మందు వాడేవారి రక్తములో పెరుగుదల హార్మోను తగ్గదు, పెరుగుతుంది కూడా! ఆ అంకె చూచి మందు పనిచేయలేదని మానితే ప్రమాదము. చూడవలసినది ఐ.జి.ఎఫ్.-1ను. అయితే పెగ్విసోమాంట్ కంతిని కరిగించదు. కనుక మెదడు స్కానింగు, కాలేయ పరీక్షలు అప్పుడప్పుడు చేయించాలి. ఒక్క మందుతో లొంగనివారికి రెండు తరగతుల మందులనూ కలిపి ఇవ్వటము కలదు.

ఈ చికిత్సకు తిరువూరునుండి విజయవాడకో, హైదరాబాదులోని నిమ్స్‌కో వెళ్ళవలసి రావచ్చును. కాని అనుమానము పుట్టవలసినది మన ఊరిలోనే. మార్పు ఏండ్ల తరబడి మెల్లగా సాగుతుంది కనుక రోజూ చూచే ఇంటివారికి తెలియదు. పదేండ్లనాటి ఫోటోను నేటి ముఖముతో పోల్చి చూడండి. తోటివారిని మించి తరగతిలో ఒక్కసారిగా పొడుగు పెరుగుతున్న పిల్లవానికి తలనొప్పి, చూపు మందగించటము కూడా ఉంటే, ఆ సంగతి తల్లిదండ్రులతో మొదట చెప్పగలవాడు ఉపాధ్యాయుడే.