జిన్నియా ఆకులో నీటి గొట్టం

జ్యోతినగర్ క్వార్టర్ల ముందు కుండీల్లో జిన్నియా ఎర్రగా, గులాబీగా పూస్తుంది. మనం పువ్వే చూస్తాం. మొక్క ఒంట్లో నీటి గొట్టాలు ఎలా పుడతాయో కళ్లకు కట్టినట్టు చూపించింది మాత్రం దాని ఆకు.

1980లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుకుదా, కొమమినే లేత జిన్నియా ఆకుల్ని నూరి, కణాల్ని దేనికది విడదీశారు. ఎండ తాగి ఆహారం వండే మామూలు పచ్చని కణాలవి. వాటిని పోషకద్రవంలో వేసి ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్లు కలిపారు. ఈ ప్రయోగాల్లో వాడే ఆక్సిన్ నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం. మన పత్తి రైతులు పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్‌లో ఉన్నదీ అదే. పోషకద్రవంలో అది లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు చాలు.

మూడో రోజుకు చాలా కణాలు రూపం మార్చేస్తాయి. బావిలో ఒరలు దించినట్టు, గోడకు లోపలివైపు లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టిన కట్లు వరసగా లేస్తాయి. ఆ గట్టిదనం లేకపోతే, ఆకులు నీటిని పైకి లాగేటప్పుడు గొట్టం నొక్కుకుపోతుంది. గోడ పని కాగానే కణం మధ్యలోని రిక్తిక అనే సంచి పగులుతుంది. అందులోని ఎంజైములు బయటపడి, పది ఇరవై నిమిషాల్లో కేంద్రకంలోని డీఎన్‌ఏను కరిగించేస్తాయి. లోపలిదంతా పోయి, నీటికి దారి మిగులుతుంది. నీరు మోసే కణజాలమైన దారువులో బతికున్న కణం గొట్టం పని చేయలేదు. నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ ఘట్టమే.

రెండు హార్మోన్లలో ఏది లేకున్నా మార్పు సరిగా జరగదు. చివరి దశకు బ్రాసినోస్టెరాయిడ్లు అనే హార్మోన్లు కూడా కావాలి. చక్కెర మాటా చెప్పాలి: 1963లో అమెరికాలో వెట్‌మోర్, రియర్ లైలాక్ కణాల ముద్దకు ఆక్సిన్‌తో పాటు చక్కెర తక్కువగా ఇస్తే దారువు, ఎక్కువగా ఇస్తే ఆహారం మోసే పోషక కణజాలం ఎక్కువగా ఏర్పడ్డాయి.

ఆక్సిన్ పెత్తనం ఎంత పాతదో రాళ్లలోనూ కనిపిస్తుంది. 37.5 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మానులో, కొమ్మ మొలిచిన చోట దారుకణాలు సుడి తిరిగి ఉన్నాయి. నేటి చెట్లలో ఆక్సిన్ ప్రవాహానికి అడ్డుపడ్డ చోట వచ్చే సుడే అది.

గోదావరిఖని బొగ్గు ఆ శిలాజం కన్నా వయసులో చిన్నది, గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవుల కాలానిది. పెళ్ల విరిచి చూస్తే, వేలికి మసి అంటించే కట్టెబొగ్గు లాంటి పొర ఒక్కోసారి తగులుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే దారుకణాల గోడలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. వాటిని కట్టిన కణాలు ఖాళీ అయిపోయి పాతిక కోట్ల ఏళ్లు దాటింది.