లప్పం మాటున తుప్పు

సముద్రతీరపు ఊళ్లలో ఇనుముకు ఆయుర్దాయం తక్కువ. గాలిలోని ఉప్పు, తేమతో కూడి రేకుపై చేరినదంటే తుప్పు త్వరపడుతుంది. ఉపాధ్యాయ వృత్తినుండి విరమించిన తరువాత మా నాన్నగారు కొన్న అంబాసిడర్ కారు మచిలీపట్నం గాలిలోనే ముసలిదైనది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిని అనుసరించి మన దేశంలో తయారైన ఆ బండి ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. కొత్త తలుపు కొందామంటే సులభంగా దొరకదు. ఉన్నదానినే బాగుచేసుకోవాలి.

నాన్నగారి అనంతరం బండి నా చేతికి వచ్చేనాటికి తలుపుల అడుగున రంగు బొబ్బలెక్కి ఉన్నది. బొబ్బలను ఉప్పుకాగితంతో పైపైన గీకి, లప్పం పూసి, నునుపు చేసి రంగు వేశాను. ఇరుగుపొరుగువారు మెచ్చుకున్నారు. ఒక్క వర్షాకాలం గడిచినదో లేదో, అవే చోట్ల అవే బొబ్బలు! తుప్పు తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల పెరిగేకొద్దీ పైనున్న రంగును ఎత్తివేస్తుంది. ఏటేటా తరగతిలో పిల్లలకు చెప్పే పాఠమే. సొంత బండి దగ్గర మరచిపోయాను.

రెండవసారి ముందుగా పరీక్ష చేశాను. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు వెంబడి జరిపి చూడండి. మంచి రేకును గట్టిగా పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదలుతుంది. కుడివైపు ముందు తలుపు అడుగున జానెడు మేర అయస్కాంతం నిలువలేదు. అక్కడ నేను పూసినది పలుచని పూతే. అంటే నాకు పూర్వమే మరెవరో నావంటి పనే చేశారన్నమాట! గీకి చూస్తే రేకు జల్లెడయి ఉన్నది. అంతమేర కోసి కొత్త రేకు అతికే పని వెల్డింగు తెలిసినవానికి అప్పగించాను.

మిగిలినది ఓపిక ఉంటే మనం చేయగలదే. తుప్పును 80 నంబరు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక ఆ దుమ్ము పీల్చరాదు. ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. సొట్ట ఉంటే రేకు వెనుక ఇనుప దిమ్మె ఆనించి, ముందునుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయాలి. లప్పం 3 మిల్లీమీటర్లు మించరాదు. అది నీరు పీలుస్తుంది, కనుక పొడిగానే రుద్దాలి. తరువాత 180, 320. నంబరు పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. కన్నులు మూసుకొని అరచేతితో తడిమితే కంటికి కనబడని మిట్టపల్లాలు తెలుస్తాయి. ఆపైన రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. దానికి ఆ ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడే. శత్రువు చుట్టాన్నే కాపలా పెట్టినట్లు!

అయితే అసలు సంగతి నాకు చెప్పినవాడు వెల్డరు. తలుపు కోసిన తావున లోపలికి చూపి, ఒక చీపురుపుల్ల అడిగాడు. అద్దం పక్కనుంచి దిగిన వాననీరు బయటికి పోవడానికి తలుపు అడుగంచున రంధ్రాలుంటాయి. వాటిలో పుల్ల పెట్టి పొడవగా గుప్పెడు తడిమట్టి, కుళ్లిన వేపాకులు రాలినవి.

“మాస్టారూ, నీళ్లుపోయే కన్నాలు మూసుకుపోతే పైన ఎన్ని రంగులేసి ఏం లాభమండీ?” అన్నాడు.

మిగిలిన మూడు తలుపులనూ ఆ పుల్లతోనే పొడిచాను. రెండింటినుంచి నీరు కారింది.